తల్లికి పాఠాలు సరే, పిల్లకి నీడేది?

పసిపిల్లల మీద పనిచేసే ఏ సంస్థ ప్రాజెక్టు కాగితం తిరగేసినా ఈమధ్య ‘పేరెంటింగ్’ అనే మాట కనిపిస్తోంది. పిల్లలతో రోజూ మాట్లాడండి, ఆడించండి, కళ్ళలోకి చూసి నవ్వండి, కొట్టకండి అని తల్లులకు నేర్పే శిక్షణలివి. శిశువికాస మనస్తత్వ శాస్త్రం చదివిన నిపుణులు పాఠం తయారుచేస్తారు. అంగన్‌వాడీ టీచరో, సంస్థ కార్యకర్తో వూళ్ళో దాన్ని అప్పజెబుతుంది. ప్రభుత్వమూ ఈ దారిలోకే వచ్చింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024లో ‘నవచేతన’ పేరుతో, పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళు నిండేదాకా నెలనెలా బిడ్డతో ఏమేం చెయ్యాలో చెప్పే క్యాలెండరు తెచ్చింది. 36 నెలలు, 140 కార్యక్రమాలు.

ఇందులో చెప్పే విషయాలు తప్పని ఎవరూ అనరు. ఎవరికి చెబుతున్నారు, చెప్పకుండా వదిలేస్తున్నదేమిటి అన్నదే మన ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఈ పాఠాలు మన చేతుల మీదుగానే వూళ్ళలోకి పోతున్నాయి. కనక ఆ ప్రశ్న ముందు మనమే వేసుకోవాలి.

2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబ్‌నగర్ నుంచి ఈ మూడూ వేరయ్యాయి. బోర్డులు మారినా బతుకు పాలమూరుదే. ఈ నేల ప్రాజెక్టులు కట్టే చోటికల్లా మట్టిపనికి మనుషుల్ని పంపింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, భార్యాభర్తలిద్దరూ జమ, దసరా పోయాక కదిలితే మళ్ళీ వానల దాకా తిరిగి చూసేది లేదు. చంటిబిడ్డయితే వెంట పోతుంది, కాస్త పెద్దదయితే అవ్వ దగ్గర వుంటుంది. ఇంకాస్త పెద్దదయితే అవ్వని, తమ్ముణ్ణి తనే చూసుకుంటుంది. ఆ ‘ఇంకాస్త పెద్ద’ అంటే ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళు.

కృష్ణా తుంగభద్రల నడుమ వున్న నడిగడ్డలో సంగతి ఇంకో రకం. గద్వాల, ధరూరు, మల్దకల్, గట్టు, అయిజ చుట్టుపక్కల సీడ్‌పత్తి వేస్తారు. హైబ్రిడ్ విత్తనం మనిషి వేళ్ళతో తయారవుతుంది. సాయంత్రం పూట ఒక్కో మొగ్గనీ విప్పి లోపలి కేసరాలు గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని మీద పుప్పొడి రుద్దాలి. ఇదే క్రాసింగు. ఒక్కో చేనులో రెండు నెలలకు పైగా ఒక్కరోజు ఆగకుండా సాగాలి. ఈ పనికి ఆడపిల్లల్ని పెట్టటం దశాబ్దాల నాటి ఆనవాయితీ. చిన్న వేళ్ళయితే మొగ్గ నలగదంటారు. అసలు కారణం ఆ వేళ్ళకిచ్చే కూలి కూడా చిన్నదే కావటం. కంపెనీ ఆర్గనైజరుకి, ఆర్గనైజరు రైతుకి కట్టే ధరలో పెద్దవాళ్ళ కూలి గిట్టదని దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచీ లెక్కలు కట్టి చూపిస్తూనే వున్నారు. బడి రిజిస్టరులో పిల్ల పేరుంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పిల్ల మాత్రం మందు కొట్టిన చేలో వుంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యులు సగం మంది కూడా లేరు - 49.87 శాతం. రాష్ట్రం మొత్తానికి 66.54.

ఈ తల్లిని తీసుకొచ్చి మన శిక్షణలో కూచోబెడదాం. పిల్లతో రోజూ కాసేపు ఆడాలమ్మా అని చెబుతాం. ‘ఆడిపియ్యమంటవు సరే మేడమ్, ఆ పొద్దు కూలి ఎవరిస్తరు?’ అని ఆమె అడిగిందనుకోండి. మన పాఠంలో దానికి జవాబు రాసి వుందా? ఇంకొకామె, ‘బిడ్డ నా కాడ వుంటే కదా ఆడిపిచ్చేది, నేను పుణెలో, అది ఈడ’ అంటే? కాగితం మీద ‘తల్లిదండ్రులు’ అనే రాస్తాం. పొద్దున పదకొండింటికి పెట్టే మీటింగుకి తండ్రి రాడు. వచ్చేది తల్లి, లేదంటే అవ్వ. పిల్ల బరువు తక్కువుంటే తల్లి తప్పు, మాటలు ఆలస్యమయితే తల్లి తప్పు, బడి మానేస్తే తల్లికి చదువు విలువ తెలీదు. పితృస్వామ్యం ఇన్నాళ్ళూ అత్త నోటితో అన్న మాటే ఇప్పుడు ఫ్లిప్‌చార్టు మీద బొమ్మలతో అంటున్నాం.

‘కుటుంబాన్ని బలపరచటం’ అనే మాట కూడా అమాయకమైనది కాదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ప్రమాదం లేని పనుల్లో, బడివేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయపడవచ్చని మినహాయింపు పెట్టారు. కుటుంబం అనగానే కాదనేవాళ్ళు వుండరు కదా! చేను తండ్రిది, మొగ్గలు గిల్లేది కూతురు, విత్తనం కంపెనీది. ఎవరయినా అడిగితే ‘మా ఇంటి పని’ అంటారు. కంపెనీకి అంతకంటే కావలసిందేముంది? కుటుంబం అనే గోడ వెనక కంపెనీ నిలబడి వుంటే, కుటుంబాలకు అండగా వుంటామనే మనస్తత్వ నిపుణులు ఆ గోడకి సున్నం కొడతారా, దానికో కిటికీ కోస్తారా?

ఈ శాస్త్రాన్ని కట్టినవాళ్ళలో స్త్రీలే ఎక్కువ, వాళ్ళ వుద్యోగ జీవితాలు మనం తెలుసుకోవలసినవి. తల్లీబిడ్డల అనుబంధం గురించి ప్రపంచమంతా చెప్పుకునే మేరీ ఐన్స్‌వర్త్ 1913లో పుట్టింది, టొరంటోలో పెరిగి అక్కడే 1939లో డాక్టరేటు తెచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా మహిళా సైనిక దళంలో మేజరు దాకా ఎదిగింది. అంత చదువూ హోదా వున్న మనిషి పెళ్ళయ్యాక భర్త చదువు కోసం లండన్ పోయింది, భర్త వుద్యోగం కోసం 1954లో ఉగాండా పోయింది, అక్కడినించి భర్త వెంటే అమెరికాలోని బాల్టిమోరు పోయింది. ప్రతిచోటా తన పని తను వెతుక్కోవలసి వచ్చింది. లండన్‌లో పత్రికలో వచ్చిన ప్రకటన చూసే జాన్ బౌల్బీ దగ్గర చేరింది. ఉగాండాలో కంపాలా దగ్గర వూళ్ళలో 26 కుటుంబాల ఇళ్ళకి నెలల తరబడి తిరిగి, తల్లులు బిడ్డల్ని ఎలా చూసుకుంటున్నారో రాసింది. ఆ పుస్తకం 1967లో వచ్చింది. బాల్టిమోరులో ఆమె పనిచేసిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పురుష అధ్యాపకులు భోంచేసే గదిలోకి స్త్రీలకి ప్రవేశం లేదు. అర్హతకి తగ్గ జీతం కోసం పోరాడవలసి వచ్చింది.

ఇంత అనుభవించిన ఆమె పని చివరికి దేనికి వాడారు? బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన నివేదికలో, తల్లి ప్రేమ తెంపులేకుండా అందకపోతే బిడ్డ మనసు దెబ్బతింటుందన్నాడు. అదే నివేదికలో, తల్లిదండ్రులు తమ పని తాము చెయ్యగలగాలంటే సమాజం వాళ్ళని ఆర్థికంగా ఆదుకోవాలని కూడా రాశాడు. మొదటి మాట ఇంటింటికీ చేరింది. రెండో మాట ఎవరికి గుర్తుంది? యుద్ధం తర్వాత స్త్రీలు ఫ్యాక్టరీలు వదిలి ఇళ్ళకి పోవాలనేవాళ్ళకి మొదటి మాట బాగా పనికొచ్చింది, పసిపిల్లల కేంద్రాలు అక్కర్లేదనేవాళ్ళకి అంతకన్నా బాగా.

ఐన్స్‌వర్త్ బాల్టిమోరులో తయారుచేసిన పరీక్ష ఒకటుంది. ఏడాది వయసున్న బిడ్డని తల్లితో కలిపి కొత్త గదిలో వుంచుతారు. తల్లి లేచి మూడు నిమిషాలు బయటికి పోతుంది, మళ్ళీ వస్తుంది. తిరిగొచ్చిన తల్లిని బిడ్డ ఎలా కలుసుకుంటుందో చూసి అనుబంధం ఎలాంటిదో నిర్ణయిస్తారు. మూడు నిమిషాలు! పాలమూరు తల్లి దసరా పోయాక పోయి వానలకి వస్తుంది. వచ్చిన అమ్మని చూసి పిల్ల ముఖం తిప్పుకుని అవ్వ కొంగు పట్టుకుంటే కార్డు మీద ఏమని రాస్తాం? ‘అనుబంధ లోపం’ అనా? అయితే ఆ లోపం ఎవరిది - తల్లిదా, మేస్త్రీదా, వర్షం తప్ప దిక్కులేకుండా ఈ నేలని దశాబ్దాల పాటు వదిలేసిన పాలకులదా? అదే ఐన్స్‌వర్త్ ఉగాండాలో చూసిన తల్లులు తోటల్లో పనిచేసుకునేవాళ్ళే, బిడ్డల్ని ఇంట్లో మరొకరు కూడా చూసుకునేవాళ్ళు. ఆ తల్లులతో ఆమె మాట్లాడగలిగింది వూరికే కాదు. ఆస్పత్రికి తన బండిలో తీసికెళ్ళేది, పాలపొడి ఇప్పించేది. ఇది పుస్తకంలో పద్ధతి కింద ఒక చిన్న వివరం. నా మటుకు నాకు అదే అసలు పాఠం అనిపిస్తుంది.

మన దేశంలో ఈ చదువు హోంసైన్సు కాలేజీల్లో పుట్టింది. మంచి గృహిణిని తయారుచెయ్యటానికి పెట్టిన కోర్సుల్లో వంట, కుట్టుపనుల పక్కన శిశువికాసం ఒక సబ్జెక్టు. హైదరాబాదులో సైఫాబాదు హోంసైన్సు కాలేజీ కూడా ఆ కోవలోదే. అయినా ఆ గోడల మధ్యనించే గట్టి పని చేసిన స్త్రీలు వచ్చారు. బరోడా విశ్వవిద్యాలయంలో ప్రమీలా ఫాటక్, అమెరికాలో తయారయిన బేలీ పరీక్షని మన పిల్లలకి అనువుగా మార్చి, ఇక్కడి పిల్లలు ఏ నెలలో కూచుంటారో, ఏ నెలలో మాట్లాడతారో కొలిచే ప్రమాణాలు ఇచ్చింది. అక్కడే పనిచేసిన టి.ఎస్. సరస్వతి, రంజనా దత్తాతో కలిసి పేద కుటుంబాల ఆడపిల్లల్ని కళ్ళకి కనపడని సరిహద్దుల మధ్య ఇంటిచాకిరీకి, పెళ్ళికి ఎలా మలుస్తారో పుస్తకం రాసింది. పెంపకం అంటే తల్లి నవ్వు ఒక్కటే కాదని, తరగతి, లింగ వివక్ష కూడా పెంపకంలోనే వున్నాయని మన దగ్గరే మన నిపుణులే రాశారు. మన వూళ్ళకొచ్చే ఫ్లిప్‌చార్టులో ఆ పేజీ మాత్రం వుండదు. అందులో వుండేది బర్కిలీలో డయానా బామ్‌రిండ్ 1960లలో అమెరికా మధ్యతరగతి పిల్లల్ని చూసి చెప్పిన పెంపకం రకాలు. కఠినమైన తల్లి, మెతక తల్లి, సరయిన తల్లి.

దీనికి ఎదుటివాళ్ళ జవాబు మనకి తెలుసు. ‘కూలి పెంచటం, కంపెనీతో పోట్లాడటం మా పనా? మేం సైకాలజిస్టులం. పేదతల్లికి మాత్రం జ్ఞానం అక్కర్లేదా?’ అంటారు. కావాలి. జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో 1980లలో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల కుంటుపడ్డ 129 మంది పసివాళ్ళతో పనిచేసింది. వాళ్ళలో కొందరి ఇళ్ళకి రెండేళ్ళపాటు వారం వారం ఒక కార్యకర్త పోయి గంటసేపు తల్లితో కలిసి బిడ్డని ఆడించేది. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ ఆటలు అందని తోటివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువ. పాలపొడి ఒక్కటే ఇచ్చిన పిల్లల్లో అంత మార్పు నిలవలేదు. ఆటలకి ఇంత బలం వుందని మనం దాచాల్సిన పనిలేదు. ఈ ఫలితం చూపించి నిధులు తెచ్చేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. ఇంటికి పోయిన ఆ కార్యకర్త ఆ పని కోసమే శిక్షణ పొంది, జీతం తీసుకుని, వారం తప్పకుండా పోయింది.

మన దగ్గర ఆ పని ఎవరి నెత్తిన పెట్టారు? అంగన్‌వాడీ టీచరు నెత్తిన. గుడ్లు, బాలామృతం పంచాలి, బరువులు తూచాలి, రిజిస్టర్లు రాసి మళ్ళీ ఫోనులో ‘పోషణ్ ట్రాకర్’ నింపాలి, ప్రీస్కూలు నడపాలి. ఇప్పుడు 140 కార్యక్రమాలు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలయిన నాడు ఆమెని ‘గౌరవ కార్యకర్త’ అన్నారు, ఆ గౌరవం ఇంకా వదల్లేదు. 2018లో కేంద్రం పెంచానని చెప్పుకున్నాక కూడా దాని లెక్కలో టీచరుకు నెలకు 4,500, ఆయాకు 2,250. రాష్ట్రం తన వంతు కలిపితేనే అది చేతికొచ్చే డబ్బులా కనిపిస్తుంది. గ్రాట్యుటీ హక్కు వుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా టీచర్లు, ఆయాలు కేంద్రాలు మూసి రోడ్డెక్కారు. వీధి వీధినా ఏ ఇంట్లో బిడ్డ మాట్లాడటం లేదో, ఏ తల్లి మనసు బాగాలేదో, ఏ ఇంట్లో తాగుడు, తన్నులు వున్నాయో ఆమెకే ముందు తెలుస్తుంది. ఆమె చేసేది శిశువికాస నిపుణుల పని. ఇరవై ఏళ్ళు చేసినా ఆ చదువులోకి, ఆ వుద్యోగంలోకి పోయే మెట్టు ఒక్కటి లేదు. పట్నంలో డిగ్రీ తెచ్చుకున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి వచ్చి ఆమెకి శిక్షణ ఇస్తుంది. ఆ అమ్మాయిది తప్పని కాదు, ఆమెకీ ఏడాది కాంట్రాక్టే.

నిపుణులు అక్కర్లేదనుకోవటం పొరపాటు. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు గుట్టల్లో చెంచు పెంటలకి పోయినా, గద్వాల బస్తీకి పోయినా, వినపడని బిడ్డ, నడక రాని బిడ్డ, మూర్ఛలొచ్చే బిడ్డ కనిపిస్తారు. వాళ్ళని ఏడాదిలోపు పట్టుకుంటే బతుకు మారుతుంది. ఇదొక చదువుకున్న కన్ను చెయ్యవలసిన పని. బరోడాలో కొలిచిన కొలత చెంచు బిడ్డకి ఎంతవరకు సరిపోతుంది, భాష తెలియక జవాబు చెప్పలేదా, నిజంగా ఎదుగుదల ఆగిందా అని తేల్చటానికి ఇంకా చదువుకున్న కన్ను కావాలి. 2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మార్గదర్శకాల్లో జిల్లా సత్వర చికిత్సా కేంద్రం గురించి రాశారు. అందులో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టుల వరసలోనే సైకాలజిస్టు పోస్టు కూడా వుంది. ఆ కుర్చీలో ఎవరున్నారో, అసలు కుర్చీ వుందో లేదో మూడు జిల్లా ఆస్పత్రులకీ పోయి చూడటం మన పని. ఇవాళ ఈ చదువు చదివినవాళ్ళకి దారి హైదరాబాదు ప్రైవేటు క్లినిక్కుల వైపే వుంది. గంటకి వందలు, వేలు కట్టగల తల్లిదండ్రుల దగ్గరికే అది పోతుంది. గట్టు మండలం నుంచి ఒక ఆడపిల్ల కస్తూర్బా బడిలో చదివి, ఇంటరు దాటి, సైకాలజీ పీజీ చేసి తిరిగి గద్వాలలో వుద్యోగం చెయ్యాలంటే ఆ వుద్యోగం ముందు వుండాలి కదా.

ఆ వుద్యోగంలో ఆమె ఏం చెయ్యాలి అన్నదే అసలు తగాదా. బిడ్డ ఎందుకు మందకొడిగా వుందో రాసే కాగితంలో తల్లి ఎలా మాట్లాడుతుందని ఒక గడి వుంటే, ఆమె పొద్దున ఎన్నింటికి ట్రాలీ ఆటో ఎక్కుతుంది, ఎంత దూరం పోతుంది, ఎంత కూలి, బిడ్డ ఎవరి దగ్గర, తండ్రి ఏం చేస్తాడు, అప్పెంత అని కూడా గడులుండాలి. ఆ కాగితం కలెక్టరు దాకా పోవాలి. గర్భిణులకి, బాలింతలకి కేంద్రంలోనే పూట భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015 నుంచి వుంది. చేలో వున్న బాలింత మధ్యాహ్నం వచ్చి తినలేదంటే ‘అవగాహన లోపం’ అని రాయకుండా, పనిచోటు ఎంత దూరమో రాసే నిపుణురాలు కావాలి.

పనిచోట పసిపిల్లలకి నీడ అన్నది కొత్త కోరిక కూడా కాదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది వుండాలంది. 2005 ఉపాధి హామీ చట్టం, పనిదగ్గర పసిపిల్లలు అయిదుగురుంటే వాళ్ళని చూసేందుకు ఒక స్త్రీకి కూలి ఇచ్చి పెట్టాలంది. 2022 నుంచి మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీల్లోనే పగటిపూట శిశుకేంద్రాలు పెడతామన్నారు. ముప్ఫయ్యేళ్ళ కాగితాలివి. వీటిలో ఒక్కటి అమలు కాలేదని ఏ పేరెంటింగ్ నిపుణుడయినా ప్రెస్‌మీట్ పెట్టాడా?

పాఠం దానంతటదే చెడ్డది కాదని నెల్లూరు స్త్రీలు మనకి చూపించారు. దూబగుంటలో అక్షరాస్యత వాచకంలో సారా మీద వున్న ఒక పాఠం చదివి, వాళ్ళు వాచకం మూసి దుకాణం మీదికి పోయారు. 1993 అక్టోబరులో సర్కారు సారాని నిషేధించక తప్పలేదు. కుటుంబాల్ని బలపరిచే పనుల్లో అంతకన్నా పెద్దది ఈ రాష్ట్రాల్లో ఇంకొకటి జరిగిందా? అక్కడ తల్లులు తమని తాము దిద్దుకోవలసిన ముద్దాయిలుగా కూచోలేదు.

కనక పేరెంటింగ్ ప్రాజెక్టు మన సంస్థకి వస్తే తీసుకుందాం, కానీ షరతులు పెడదాం. శిక్షణకొచ్చిన రోజు కూలి బడ్జెట్‌లో వుండాలి. తండ్రులు రాగల వేళకి మీటింగు పెట్టాలి. ఇళ్ళకి తిరిగే పని అంగన్‌వాడీ టీచరు మీద వుచితంగా రుద్దకూడదు, దానికి వేరే మనిషి, వేరే జీతం. క్రాసింగు సీజనులో సీడ్‌పత్తి వూళ్ళలో పొద్దు పొడిచే వేళ నించి పొద్దుగూకే దాకా నడిచే శిశుకేంద్రం కావాలి, దాని ఖర్చు విత్తన కంపెనీ నుంచి వసూలు చెయ్యాలి.

ఇక ఈ మూడు నెలల్లో చెయ్యగలిగింది. సమాచార హక్కు కింద మూడు జిల్లాల్లోనూ దరఖాస్తులు వేద్దాం. సత్వర చికిత్సా కేంద్రంలో సైకాలజిస్టు పోస్టు మంజూరయిందా, భర్తీ అయిందా, ఏడాదిలో ఎంతమంది పిల్లల్ని చూశారు? పాల్నా కింద ఎన్ని కేంద్రాలు నడుస్తున్నాయి, ఏ వేళల్లో? సీడ్‌పత్తి చేలల్లో కార్మిక శాఖ ఎన్ని తనిఖీలు చేసింది, ఎన్ని కేసులు పెట్టింది, వాటిలో కంపెనీ పేరున్నవెన్ని? జవాబులొచ్చాక వాటిని పెంపకం పాఠాలు చెప్పే గదిలోనే, ఆ తల్లుల ముందే చదివి వినిపించాలి.